నాలుగో పాటలో దగ్గు

మెటల్ అంటే నాకు తెలిసింది
జీఐ షీటు.
కత్తిరించి, మడిచి, డక్టు చేసినంక
దానికి గాజు ఉన్ని చుట్టుడు నా పని.
ఇంకో మెటల్ ఉంటదని
సల్మాబాద్ గ్యారేజీల నడుమ, ఒక రేకుల షెడ్డుల
జాఫర్ చెప్పిండు.

జాఫర్‌ను చూస్తే మీరు నమ్మరు.
మనామా మనీ ఎక్స్‌ఛేంజిల మూడో కౌంటరు.
అద్దం వెనక నుంచి "నెక్స్ట్" అంటే
వినపడక రెండుసార్లు అడగాలె.
నెలనెలా నా దినార్లు లెక్కబెట్టి చీటీ ఇచ్చేటోడు
ఒకనాడు నా చేతుల మీది దద్దుర్లు చూసి
వచ్చీరాని హిందీల, ఏం పని అని అడిగిండు.
చెప్పిన.
"మిగిలిన ఉన్ని ఉంటదా?"

అట్ల మొదలైంది.
సైటుల మిగిలిన తుక్కు, నాలుగు శుక్రవారాలు,
గోడలకు, కప్పుకు, తలుపు వెనకకు
నేనే కొట్టిన.
సల్లదనాన్ని ఆపినట్టే
అరుపును గూడ ఆపుతది ఉన్ని.

డ్రమ్ముల మీద రొడెల్, ఫిలిప్పీన్స్ పిలగాడు,
పగలు బేకరీల కేకుల మీద పేర్లు రాస్తడు.
గిటారు జితిన్, ఇక్కడనే పుట్టిండు,
ఇక్కడోడు కాదు.
రికార్డింగు జూలైల.
మధ్యాహ్నం ఎండల పని బంద్ అని సర్కారు ఆర్డరు గదా,
నాకు తీరిక అప్పుడే.
మైకుల గుర్రుమంటదని ఏసీ బంద్. ఫ్యాను బంద్.
చెమట బొట్టు రేకు మీద పడ్డా పట్టుకుంటదట ఆ మైకు.

జాఫర్ అంగీ విప్పి, నీళ్లు పుక్కిలించి, కండ్లు మూసిండు.

ఆ గొంతు
ఎట్ల చెప్పాలె.
మా చెలకల మూడో బోరు.
నాలుగు వందల ఫీట్లు దాటినంక
కంప్రెషరు తెల్ల దుమ్ము ఎగజిమ్ముతుంటే
లారీ చుట్టు నిలబడ్డ మేము ఎవ్వరం మాట్లాడలే.
నీళ్ల చప్పుడు ఎట్లుంటదో మర్చిపోయేంత సేపు
ఆ ఎండు గర్జన.
అదే. అచ్చం అదే,
ఈ బక్క మనిషి లోపలి నుంచి.

పాట దేని మీద అని అడిగిన.
ముత్యాల కోసం మునిగినోళ్ల మీద, అన్నడు.
వాళ్ల ముత్తాత చెవులు పగిలి
పడవ యజమాని బాకీ తీరకుండనే పోయిండట.
బాకీ కొడుక్కి వచ్చిందట.
కొడుకూ మునిగిండట.
ఇంగ్లీషుల రాసుకున్నడు గని ఒక్క ముక్క అర్థం కాదు,
కావద్దు గూడ, అన్నడు,
"నీళ్ల కింద మాట్లాడితే ఎట్లుంటదో అట్ల."

నాలుగో పాట అయిపోవస్తుంటే
గాజు నూగు గొంతుల పడి దగ్గిన.
తప్పయింది అన్న.
జితిన్ వెనక్కి తిప్పి విని, మళ్ల విని
"ఉండనీ" అన్నడు.

నవంబరుల విడుదల. వంద సీడీలు.
అదే షెడ్డు, అరవై నల్ల టీషర్టులు,
నేనొక్కన్ని కంపెనీ నీలం యూనిఫారం.
రొడెల్ తెచ్చిన కేకు మీద ఆల్బం పేరు,
ఊపిరి బాకీ అని అర్థమట,
నల్ల క్రీము తిని అందరి పండ్లు నల్లబడ్డయి.
లోపలి కాగితం చివర్ల, మేలు చేసినోళ్ల పేర్ల కింద,
రాజలింగం పోయి "రాజా లింక్" అయింది.
జాఫర్ చిన్నబోయిండు.
కౌంటరు కాడ అక్షరం తప్పితే పైసలు చేరవు గదా,
ఆ భయం ఆయనది.
"ఇది చేరుతది తియ్యి" అన్న.

క్యాంపుల సీడీ పెట్టేది ఏదీ లేదు.
తెల్లారగట్ల నాలుగున్నరకు గుల్ జమాన్ బస్సుల పెట్టించిన.
ముప్పై మందిమి, తలలకు తువ్వాలలు.
ఒకడు ఉలిక్కిపడి లేచి ఇంజను పోయిందన్నడు.
ఒకడు దేవుణ్ని తలిచిండు, నన్ను తిట్టిండు.
రాడ్ బెండింగు పోశాలు మాత్రం
కండ్లు తెరవకుండనే తల ఊపుతున్నడు,
నిద్రో, పాటో.

సిత్ర వంతెన ఎక్కంగ వచ్చింది నా దగ్గు.
"అది నేనే" అన్న.
ఎవ్వరూ నమ్మలే.
వెనక్కి తిప్పమన్న గుల్ జమాన్‌ను.
ఆ బటను పనిచెయ్యదట.
కిటికీ బయట సముద్రం ఇంకా చీకట్లనే ఉంది,
ఐదో పాట మొదలైంది.